తిరిగొచ్చిన బాక్సు చెప్పిన సంగతులు

మా ఆవిడ ఆఫీసు వేళలు మారడంతో పిల్లలకు స్కూలు బాక్సులు పెట్టే పని నా చేతికొచ్చింది. అప్పటికి పాపకు ఏడేళ్లు, బాబుకు నాలుగు. పిల్లలు మూత తీయగానే మొహాలు వెలిగిపోవాలని నా ఆశ. జపాన్‌లో ‘క్యారబెన్’ అని, డబ్బాలో అన్నంతో, కూరగాయలతో కార్టూన్ బొమ్మలు తీర్చే పద్ధతి ఉంది. ఆ ఫోటోలు చూసి తెల్లవారుజామునే లేచి అన్నం ముద్దతో ఎలుగుబంటి చేశాను. చెవులకు పచ్చి క్యారెట్ చక్రాలు, కళ్లకు కిస్‌మిస్. రెండు బాక్సులకు ముప్పావు గంట పట్టింది.

సాయంత్రం బ్యాగుల్లోంచి బాక్సులు తీశాను. పాప బాక్సులో ఎలుగుబంటికి ఒక్క చెవి పోయింది, అంతే. బాబు బాక్సు మూతే తెరుచుకోలేదు. అన్నం అంచులు ఎండిపోయి గట్టిపడ్డాయి.

“ఎందుకు తినలేదురా తల్లీ?” అంటే, “బెల్లు కొట్టేశారు నాన్నా” అంది పాప. వంక చెబుతోందనుకున్నాను. వారమంతా అదే జవాబు వచ్చేసరికి, ఆదివారం మధ్యాహ్నం ఇద్దరికీ బాక్సులు సర్ది, బ్యాగుల్లో పెట్టి, హాల్లో కూర్చోబెట్టి గడియారం చూశాను. ఇరవై నిమిషాలు. సాయం చేయకూడదని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

బాబు బాక్సుకు నాలుగు వైపులా క్లిప్పులు. బొటనవేలు తెల్లబడేదాకా నొక్కాడు, రాలేదు. డబ్బాను పొట్టకు ఆనించుకుని రెండు చేతులా లాగాడు. ఒకటి వచ్చింది. రెండోదాన్ని పళ్లతో పట్టాడు. నాలుగు నిమిషాలు గడిచాక నా వైపు చూశాడు, ఏడవలేదు, డబ్బా పక్కన పెట్టి నీళ్లు తాగాడు. స్కూల్లో రోజూ జరిగేది ఇదేనన్నమాట. ఆ చూపు నేను మరిచిపోలేను. పాప మూత సులువుగానే తీసింది కానీ ఎలుగుబంటిని అటూ ఇటూ తిప్పి చూసి, “దీన్ని ఎక్కణ్ణుంచి తినాలి?” అంది. తర్వాత కమలాపండు తొక్కతో కుస్తీ పట్టేసరికి టైమైపోయింది.

ఆ రోజు నుంచి కొత్త బాక్సు ఏది కొన్నా ముందు బాబు చేతికిచ్చి పదిసార్లు తెరిపించి, మూయిస్తాను. ఒకే మూత, లోపల అరలు, అంతే. కమలాపండు తొనలు విడదీసే పెడతాను. ముక్కలన్నీ రెండు వేళ్లతో పట్టి నోట్లో వేసుకునేంతే.

క్యారెట్ చక్రాల గురించి కాస్త ఆగి చెప్పాలి. నాలుగేళ్ల పిల్లాడికి అవి పెట్టానని తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. గుండ్రంగా, గట్టిగా ఉన్న ముక్క చిన్నపిల్లల శ్వాసనాళానికి బిరడాలా అడ్డుపడగలదు. ఐదేళ్లలోపు పిల్లలకు ద్రాక్షపండును నిలువుగా నాలుగు చీలికలు చేయాలి. బాదం, జీడిపప్పు లాంటివి మొత్తం గింజలుగా పెట్టకూడదు. క్యారెట్ ఆవిరి మీద మెత్తబరిచి సన్నటి పుల్లల్లా కోయాలి. వేరుశనగ వెన్న మాత్రం ఇంట్లోనే. పాప తరగతిలో అది పడని పిల్లాడున్నాడు, పిల్లలన్నాక ఒకరిది ఒకరు రుచి చూస్తారు.

ఇంకో పాఠం వేడి, చల్లదనం గురించి. సుమారు 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. త్వరగా పాడయ్యే వంటకం ఆ మధ్యలో రెండు గంటలకు మించి ఉండకూడదు, చుట్టూ వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. అన్నం విషయంలో మరీ జాగ్రత్త, ఎందుకంటే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. నేను తెల్లవారుజామున చేసిన ముద్ద మధ్యాహ్నం దాకా గోరువెచ్చగా కూర్చుంది మరి! ఇప్పుడు వేడిది పెట్టాలంటే ఫ్లాస్కులో ముందు మరిగే నీళ్లు పోసి పది నిమిషాలుంచి, పారబోసి, పొగలు కక్కుతున్న అన్నం వేస్తాను. పెరుగో గుడ్డో పెట్టిన రోజు గడ్డకట్టించిన నీళ్లసీసా బాక్సుకు ఆనించి పెడతాను.

పాప ఆపిల్ ముక్కలు తెచ్చేసేది, “పాడైపోయాయి నాన్నా” అని. పాడవలేదు, కోసినచోట గాలి తగిలి పండులోని ఎంజైము రంగు మార్చింది. కప్పు నీళ్లలో అర టీస్పూను ఉప్పు కలిపి పది నిమిషాలు నానబెట్టి కడిగేస్తే మధ్యాహ్నం దాకా తెల్లగా ఉంటాయి. ఆ ముక్కల్ని మళ్లీ పండులా పేర్చి రబ్బరు బ్యాండు వేస్తాను. బ్యాండు తీయగానే పండు పువ్వులా విచ్చుకుంటుంది, పాపకు అది మహా ఇష్టం. బాబుకు మాత్రం రబ్బరు బ్యాండు పెట్టను.

సరదా అంతా పోయిందా అంటే, లేదు. అది నా చేతిలోంచి వాళ్ల చేతుల్లోకి వెళ్లింది. పాపకు అక్షరాలంటే పిచ్చి కాబట్టి ‘అక్షరం రోజు’ మొదలుపెట్టాం. ‘క’ రోజున కోడిగుడ్డు, కీర, కమలా తొనలు, కిస్‌మిస్. ‘బ’ రోజున బ్రెడ్డు, ఉడికించిన బఠానీలు, బొప్పాయి, బంగాళాదుంప. ముందు రోజు రాత్రి ఇద్దరూ వంటగదిలో నిలబడి ఫ్రిజ్‌లో ఆ అక్షరంతో ఏమున్నాయో వెతుకుతారు. తాము వెతికి పెట్టించుకున్నది తినకుండా తేవడం బాగా తగ్గింది. నాకు పట్టే సమయం పది నిమిషాలు.

వద్దన్నదాన్ని బలవంతంగా తినిపించను. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అనేది పెద్దవాళ్ల పని, ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అనేది పిల్లల పని అని ఎలిన్ శాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు చెప్పిన పద్ధతి మా ఇంటికి సరిపోయింది. కొత్త రుచి పిల్లలకు అలవాటు కావాలంటే పది, పదిహేనుసార్లైనా ఎదురుపడాల్సి రావచ్చు. అందుకే తెలిసిన మూడింటి పక్కన తెలియనిది ఒక్క ముక్క పెడతాను. ఎర్ర క్యాప్సికమ్ ముక్క బాబు బాక్సులో ఎన్నిసార్లు వెళ్లి వచ్చిందో లెక్కలేదు. మొన్న మాత్రం దాని చివర రెండు చిన్న పంటిగాట్లున్నాయి. ఏమీ అడగకుండా బాక్సు కడిగేశాను.

రేపు ‘ప’ రోజు. పెరుగు, పుచ్చకాయ, పాలకూర వేసిన అన్నం అని పాప జాబితా రాసి ఫ్రిజ్‌కు అంటించింది. పాలకూర వేస్తే అన్నం ‘ప’ అవుతుందా, ‘అ’ అవుతుందా అని ఇద్దరూ ఇంకా వాదించుకుంటున్నారు.