తొమ్మిదిన్నరకి టేలర్ స్విఫ్ట్, మధ్యాహ్నం బొగ్గు బాయి

అక్టోబర్ 3, 2025, శుక్రవారం
గోదావరిఖని

నిన్న దసరా, గాంధీ జయంతి ఒకే రోజు పడ్డాయి. మటన్ షాపులన్నీ బంద్. దాంతో పండగ వంట ఇవాళ్టికి జరిగింది. పొద్దున్నే తమ్ముడు సంచి పట్టుకుని లైన్లో నిలబడటానికి పోయాడు, నేనూ మరదలూ వెల్లుల్లి ఒలుస్తూ కూర్చున్నాం. మేనకోడలు మాత్రం ఫోన్ ఫుల్ చార్జింగ్ పెట్టుకుని డాబా మెట్ల మీద తిష్ట వేసింది. సరిగ్గా తొమ్మిదిన్నరకి టేలర్ స్విఫ్ట్ కొత్త ఆల్బమ్ వస్తుందట. న్యూయార్క్‌లో అర్ధరాత్రి పన్నెండు అయితే మనకి తొమ్మిదిన్నర. ఆ లెక్క దానికి ఎంసెట్ ఫార్ములా కన్నా బాగా గుర్తుంది.

"అత్తమ్మా, ఇటు రా, నువ్వు కూడా వినాలి" అని ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టింది. నా చేతుల నిండా వెల్లుల్లి వాసన. 'ద లైఫ్ ఆఫ్ ఎ షోగర్ల్', మొత్తం పన్నెండు పాటలు. మొదటి పాటే ఒఫీలియా మీద. హామ్లెట్ నాటకంలో నీళ్లలో మునిగి చచ్చిపోతుందే, ఆ పిల్ల. తనకి ఆ గతి పట్టకుండా ఒక మనిషి వచ్చి ఆపాడని పాట. బీట్ హుషారుగా ఉంది. నాకు సగం మాటలు అందలేదు, అది పాట ఆపి ఆపి చెప్పింది. ఒఫీలియా ఎవరో కనుక్కోవడానికి ఆల్బమ్ రాకముందే హామ్లెట్ కథ చదివేసిందట. ఏ ఇంగ్లిష్ లెక్చరర్ చెప్పినా చదివేది కాదు అది. ఆల్బమ్ మొత్తం నాకు నచ్చిందని చెప్పలేను. మధ్యలో రెండు మూడు పాటలు ఒకేలా అనిపించాయి. ఆ మాట అంటే ముఖం మాడ్చుకుంది, "రెండోసారి విను, అప్పుడు మాట్లాడు" అంది. సరే అన్నాను.

ఈ శుక్రవారం సంగతి కూడా అదే చెప్పింది. 2015 జులై నుంచి ప్రపంచమంతా కొత్త పాటలు శుక్రవారమే విడుదల చేయాలని మ్యూజిక్ కంపెనీలు అనుకున్నాయట. అంతకుముందు ఒక్కో దేశానికి ఒక్కో రోజు. అమెరికాలో కొత్త పుస్తకాలకి మంగళవారం. మన సినిమా వాళ్లకి ఈ గొడవ లేదు. లిరికల్ వీడియో 11:07కో సాయంత్రం 4:05కో వస్తుంది, దానికీ ముహూర్తమే. అసలు మా వైపు కొత్త పాటలకి పెద్ద సీజన్ బతుకమ్మే. ఏటా పండగకి ముందు యూట్యూబ్ నిండా కొత్త బతుకమ్మ పాటలు దిగుతాయి, సద్దుల నాటికి వాడకట్టులో పిల్లలందరికీ నోటికి వచ్చేస్తాయి. మొన్న ఇదే పిల్ల వాటికి ఆడి ఆడి కాళ్లు నొప్పులని మూలిగింది.

పాటతో ఉన్న సుఖం అది. నాలుగు నిమిషాలు ఎదుటి మనిషి చెవి దొరికితే చాలు, నచ్చిందో లేదో ముఖంలో అప్పుడే తెలిసిపోతుంది. పుస్తకంతో అలా కుదరదు. మనకి పిచ్చిగా నచ్చిన నవల ఇంకొకరి చేతిలో పెట్టి, వాళ్లు ఎప్పుడు చదువుతారా అని కాచుకుని కూర్చోవాలి, ఈలోగా కథ నోరు జారకుండా చూసుకోవాలి. మేనకోడలికి అదే చేతకాదు. పండగ ముందు తమ్ముడికి సింగరేణి లాభాల వాటా పడగానే డ్రెస్ వద్దని ఒక నవల తెప్పించుకుంది. సుజాన్ కాలిన్స్ 'సన్‌రైజ్ ఆన్ ద రీపింగ్', 'హంగర్ గేమ్స్' సిరీస్‌లో కొత్తది. ఈ మార్చి 18న వచ్చింది. నేను వచ్చినప్పటి నుంచీ ఆ కథ దాని గొంతులోనే ఉంది. ఇవాళ మటన్ ఉడికేలోపు బయటపడింది. విన్నది నేను కాదు, బాపు.

బాపు సింగరేణిలో అండర్‌గ్రౌండ్‌లో చేసి రిటైర్ అయ్యాడు. నవల అంటే పట్టించుకునే మనిషి కాదు. కానీ అది "తాతా, ఇది బొగ్గు బాయి ఊరి కథ" అని మొదలుపెట్టింది, పేపర్ పక్కన పెట్టాడు. పనెమ్ అని ఒక దేశం, పన్నెండు జిల్లాలు. పన్నెండోది బొగ్గు తవ్వే జిల్లా, అన్నిటికన్నా పేదది. ఏటా జిల్లా జిల్లాకీ పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల పేర్లు చీటీలు తీసి, రాజధానికి తోలుకుపోయి, ఒకరినొకరు చంపుకుని ఒక్కరే మిగిలేదాకా వదిలిపెట్టరు. అదంతా టీవీలో లైవ్. ఈ నవలలో అది యాభయ్యో ఏడు, అందుకని జిల్లాకి ఇద్దరికి బదులు నలుగురు, మొత్తం నలభై ఎనిమిది మంది. చీటీలు తీసే రోజే మన హీరో హేమిచ్‌కి పదహారో పుట్టినరోజు.

"వాళ్లకు యూనియన్ లేదా మరి?" అన్నాడు బాపు.

నేను నవ్వాను గానీ మేనకోడలు నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "లేదు తాతా, నలుగురు గుమిగూడితేనే తుపాకులోళ్లు వస్తారు" అంది. బాపు తల ఊపాడు. తర్వాత బాయి ఎంత లోతు, గ్యాస్ ఉంటుందా, చచ్చినోళ్ల పిల్లలకి ఉద్యోగం ఇస్తారా, అన్నీ అడిగాడు. 2008 నుంచీ ఈ సిరీస్ చదువుతున్నవాళ్లలో ఎంతమందికి వచ్చి ఉంటాయో ఈ అనుమానాలు.

సిరీస్ చదివినవాళ్లకి ఈ పుస్తకం ముగింపు ముందే తెలుసు. హేమిచ్ బతుకుతాడు, అయినా గెలిచినట్టు కాదు. మొదటి పుస్తకంలో తాగి తూలే నడివయసు మనిషి అతనే. అప్పట్లో అతన్ని చూసి నవ్వుకున్నదాన్నే నేనూ. ముగింపు తెలిశాక ఇంకేం చదువుతారని అనుకోవచ్చు. అభిమన్యుడు పద్మవ్యూహంలోంచి బయటికి రాడని తెలిసే కదా మన ఊళ్లలో తెల్లారేదాకా కూర్చుని చూసింది. అతనికీ పదహారేళ్లే అంటారు.

హేమిచ్ ప్రేమించిన పిల్ల పేరు లెనోర్ డవ్. ఆమెవాళ్లు పాటలు పాడే తెగ. పిల్లలకి పాత పద్యంలోంచి ఒక పేరు, దానికి తోడు ఒక రంగు పేరు కలిపి పెట్టుకుంటారు. లెనోర్ ఎడ్గార్ అలన్ పో రాసిన కాకి పద్యంలోంచి వచ్చింది, 1845 నాటిది. పొద్దున ఒఫీలియా, మధ్యాహ్నం లెనోర్. మేనకోడలు ఈ లెక్కన ఇంటర్ అయ్యేలోపు ఇంగ్లిష్ ఎం.ఏ. సిలబస్ పూర్తి చేసేట్టుంది, ఫిజిక్స్ సంగతే దేవుడికి తెలియాలి.

ఈ సిరీస్‌లోనే ఉరిచెట్టు పాట ఒకటి ఉంది. పుస్తకంలో ఉత్త మాటలే, 2014లో సినిమా తీసినప్పుడు ద లూమినీర్స్ బ్యాండ్ వాళ్లిద్దరు బాణీ కట్టారు. కథలో ఆ పాట పాడొద్దని అమ్మే తిడుతుంది, తర్వాత సినిమాలో తిరగబడ్డ జనం అదే పాడుకుంటూ పోతారు. మేనకోడలు దాన్ని స్పీకర్లో పెట్టింది. బాపుకి ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ చివరిదాకా విన్నాడు. "మా దగ్గర కూడా ఉండె ఇసొంటి పాటలు. క్యాసెట్లు బియ్యం డబ్బాల దాచేటోళ్లం" అన్నాడు. ఈ మాట నేనూ ఇప్పుడే వినడం. "ఏ పాట తాతా, పాడు" అని అది మీద పడింది. ఇంతలో కుక్కర్ విజిల్, మరదలు పిలుపు. అన్నాల దగ్గర అడిగితే మళ్లీ చెప్పలేదు, బొక్క కొరుకుతూ కూర్చున్నాడు.

సాయంత్రం హైదరాబాద్ బస్సుకి సర్దుకుంటూ నవల నా బ్యాగులో పెట్టుకోబోయాను. మేనకోడలు లాక్కుంది. తాతకి ఇంకా సగమే చెప్పిందట, రేపు పొద్దున టీ టైమ్‌కి మిగతాది చెప్పాలని ఒప్పందమట. "నువ్వు కొనుక్కో అత్తమ్మా, నీకు జీతం వస్తుంది కదా" అంది.

బస్సు ఎక్కాక ఆర్డర్ పెట్టాను. మంగళవారం వస్తుందని చూపిస్తోంది.