కొడికొండ చెక్‌పోస్టుకు ఇవతల

"మన ఇంటికి తాళం వేసి పెట్టుకుని, వేరేవాళ్ళ ఇల్లు కట్టడానికి పోవడం వీర్డ్‌గా లేదా నాన్నా?" అంది మా అమ్మాయి. ఈ శనివారం బాగేపల్లికి రానని చెప్పడానికి తను ఇచ్చిన కారణం అది. టెస్టులున్నాయనో, ఫ్రెండ్ బర్త్‌డే అనో అంటే నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. దీనికి లేదు. "అది వేరు, ఇది వేరు" అన్నాను. ఎలా వేరో చెప్పమంటే ఆఫీసు కాల్ ఉందని లేచాను. కాల్ ఉన్న మాట నిజమే, కానీ ఇంకో అరగంటకు.

మా ఆఫీసువాళ్ళు ఒక సంస్థతో కలిసి బాగేపల్లి దగ్గర ఒక చిన్న పల్లెలో ఇళ్ళు కట్టిస్తున్నారు. శనివారాల్లో ఉద్యోగులు వెళ్ళి పని చేయొచ్చు, పదహారు నిండిన పిల్లల్ని కూడా తీసుకెళ్ళొచ్చు. అమ్మాయి పీయూసీలో, అంటే మన ఇంటర్‌లో, చేరగానే పేరు రాయించేశాను. తనని అడగలేదు. తమ్ముడికి ఇంకా వయసు చాలక బతికిపోయాడు.

నాకు ఇందులో ఇంకో లాభం కూడా కనబడింది. బాగేపల్లి కర్ణాటకలోనే ఉన్నా అక్కడ బోర్డుల మీద కన్నడం, మనుషుల నోట్లో తెలుగు. అది కూడా మా కదిరి వైపు తెలుగుకు దగ్గర. మా పిల్లలు బయట కన్నడం మాట్లాడతారు, ఇంట్లో మేం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెబుతారు. పల్లెకు తీసుకుపోతే సేవా వస్తుంది, భాషా వస్తుంది, రెండూ ఒకే బస్సులో అయిపోతాయనుకున్నాను. ఆఫీసు బస్సు కాబట్టి ఛార్జీ కూడా లేదు.

దారిలో నేను ఊరుకునే రకం కాదు. 1976లో అమెరికాలో మిలర్డ్, లిండా ఫుల్లర్ అనే దంపతులు పేదలకు ఇళ్ళు కట్టించే హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ మొదలుపెట్టిన సంగతి, ఇల్లు వచ్చేవాళ్ళు కూడా తమ ఒంటి కష్టం పెట్టాలని వాళ్ళు పెట్టిన పద్ధతి, 2006లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ అంతటివాడు మహారాష్ట్రలో లోనావాలా దగ్గరికొచ్చి ఇళ్ళు కట్టిన వైనం అన్నీ చెప్పాను. ఆ సంస్థ మన దేశంలో మొదట పని పెట్టుకున్నది 1983లో, ఖమ్మంలో. ఖమ్మం అన్నచోట గొంతు కాస్త పెంచాను, మనవాళ్ళది కదా అని. పక్కకు చూస్తే అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు. కదిరివాడికి ఖమ్మం మీద అంత హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో నాకూ తెలీదు.

అక్కడ కడుతున్నవి మట్టి ఇటుకల ఇళ్ళు. ఎర్రమట్టిని జల్లించి, ఇసుకా కొంచెం సిమెంటూ కలిపి, చేత్తో నొక్కే ప్రెస్సులో పెట్టి తీస్తారు. బట్టీ అక్కర్లేదు, కట్టెలు అక్కర్లేదు. కానీ మూడు వారాలపాటు తడి ఆరకుండా చూసుకోవాలి. బెంగళూరులోని సైన్సు పరిశోధన సంస్థ ఐఐఎస్‌సీలో 1974లో ఆస్ట్రా అనే విభాగం పెట్టి, పల్లెలకు పనికొచ్చే ఇలాంటి పద్ధతుల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. మట్టి జల్లించడం, ఇటుకలు అందించడం, నీళ్ళు పట్టడం మా వంతు. ఉత్సాహం ఎక్కువై ఒకసారి గోడ కూడా కడతామన్నాం. బేల్దారి మేస్త్రీ వద్దనలేదు. మేం అన్నాలు తింటుంటే తూకం గుండు వేలాడదీసి చూసి, మేం పెట్టిన వరస మొత్తం విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. ఒక్క మాట అనలేదు. మా టీషర్టులకు, బస్సుకు, భోజనాలకు పెట్టిన డబ్బుతో ఆయనలాంటి వాళ్ళకే ఇంకొన్నాళ్ళు కూలి ఇవ్వొచ్చు. కానీ టీషర్టులు, ఫొటోలు లేకపోతే ఆ డబ్బు ఆఫీసు నుంచి కదలదు.

డబ్బు సంగతి మేం కడుతున్న ఇంటామె చెబితేనే నాకు సరిగ్గా తలకెక్కింది. మైదాన ప్రాంతం పల్లెల్లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద ఇంటికి వచ్చేది 1,20,000 రూపాయలు. ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి, అంటే మా ఫ్లాట్‌లో హాలూ వంటగదీ కలిపినంత. పునాది లేచేసరికే చేతులు ఖాళీ అయినవాళ్ళు ఆ చుట్టుపక్కల చాలామంది ఉన్నారని ఆమె చెప్పింది. ప్రెస్సు హ్యాండిలు మా అందరికంటే ఆమే బాగా నొక్కుతుంది. నొక్కుతూనే మా అమ్మాయిని అడిగింది.

"ఏ ఊరు పాపా మీది?"

"బెంగళూరు."

"అది సరేలే, మీ ఊరు?"

అమ్మాయి నా వైపు చూసింది. కదిరి పక్కన అని నేనే చెప్పాను. ఇల్లుందా అంటే ఉందన్నాను. ఎవరుంటారు అంటే, ఎవరూ లేరన్నాను.

"ఉత్తగా పెట్టినారా?" అంది. తిట్టినట్టు కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. మళ్ళీ మట్టి నింపుకుంది. అంత వేగంగా మాట్లాడిన తెలుగు మా అమ్మాయికి అర్థమై ఉండదులే అనుకున్నాను. పూర్తిగా అర్థమైందని ఈ వారం తెలిసింది. భాష నేర్పాలన్న నా ప్లాన్ పారింది మరి!

ఆ పల్లె నుంచి ఆంధ్ర సరిహద్దులో ఉన్న కొడికొండ చెక్‌పోస్టు దాటి గోరంట్ల మీదుగా పోతే మా ఊరు రెండు గంటలు. పని ముగిశాక మా బస్సు ప్రతిసారీ బెంగళూరు వైపే తిరుగుతుంది.

మాది మట్టి మిద్దె. వానాకాలానికి ముందు పైన చవుడు మట్టి పోసి సర్దకపోతే కురుస్తుంది. నాన్న ఉన్నన్నాళ్ళూ ఆయనే ఎక్కి చేసేవాడు. నేను కింద మెట్ల మీద కూర్చుని చదువుకునేవాణ్ణి. సాయం వస్తానంటే చదువుకో పో అనేవాడు. అందుకని చవుడు ఎంత మందం పోయాలో, నీళ్ళు ఎటు జారేలా సర్దాలో నాకు రాదు. ఇప్పుడు అన్నకు డబ్బు పంపిస్తాను. అన్న కదిరి టౌన్‌లో ఉంటాడు. డబ్బుంది గానీ ఆ పని తెలిసిన మనిషి దొరకడం లేదంటాడు.

అమ్మేద్దామని మా ఆవిడ ఎప్పటి నుంచో అంటోంది. పిల్లలకు ఊరంటూ ఒకటి ఉండాలి కదా అంటాను. పిల్లలు అడగలేదు. పండక్కి వెళ్ళినా అన్న వాళ్ళింట్లోనే దిగుతాం, అక్కడ వైఫై ఉంది, బాత్రూమ్ లోపలే ఉంది. మిద్దె తాళం తీసి, దేవుడి గదిలో దీపం పెట్టి, ఫొటో తీసుకుని వచ్చేస్తాం. నన్నడిగితే ఇది కూడా టీషర్టు వ్యవహారమే.

పిల్లల్ని ఇలాంటి పనికి తీసుకెళ్దామనుకుంటే పాత బూట్లు, మంచి గ్లవ్స్ తప్పనిసరి. తడి సిమెంటు తగిలితే చర్మం కాలుతుంది, పిల్లలు ఎంత చెప్పినా వట్టి చేతులు పెట్టేస్తారు. అన్నిటికంటే ముందు, వస్తావా అని అడగండి అని రాయబోయాను. అడిగుంటే మా అమ్మాయి వచ్చేదా? మా నాన్న నన్ను అడిగి చదివించాడా? అడగకుండా చదివించబట్టే బెంగళూరు వచ్చాను, అందుకే మిద్దెకు తాళం పడింది. అడగాలో వద్దో నాకు నిజంగా తేలడం లేదు.

నిన్న రాత్రి అన్నకు ఫోన్ చేశాను. వంటింటి వైపు ఒక దూలం దిగిందన్నాడు. "పోయినేడు ఇటుకల బట్టీ పనికి వచ్చినోళ్ళు అద్దెకు అడిగితే నువ్వే గదా వద్దంటివి. ఇప్పుడు గూడా అడుగుతాండారు. దూలం వాళ్ళే ఏపిచ్చుకుంటారంట" అన్నాడు.

అద్దె ఏమీ వద్దు, ఉండమను అనే మాట నోటిదాకా వచ్చింది. బయటికొచ్చింది మాత్రం "ఎంతిస్తారంట?"

"వెయ్యి."

"పదిహేను వందలు అడిగి చూడు."

అన్న నవ్వాడు. "బెంగళూరు రేట్లు ఈడ చెప్పొద్దురా" అన్నాడు.