అత్తయ్యకి ఆకలి లేదట

అందరూ పడుకున్నారు. నాకే నిద్ర పట్టడం లేదు. పెద్ద విషయమేమీ కాదు. సాయంత్రం ఇక్కడ జర్మనీలో, ఫ్రాంక్‌ఫర్ట్ పాత ఊరి కూడలి రోమర్‌బెర్గ్‌లో క్రిస్మస్ మార్కెట్‌కి వెళ్లొచ్చాం, అక్కడ అత్తయ్య ఏమీ తినలేదు. "నాకు ఆకలి లేదమ్మా, మీరు తినండి" అన్నారు. ఇంటికొచ్చాక కోటు విప్పీ విప్పకముందే వంటింట్లోకి వెళ్లి, మధ్యాహ్నం మిగిలిన అన్నంలో గోంగూర పచ్చడి కలుపుకుని, నిలబడే తినేశారు. చూసి నా ప్రాణం ఉసూరుమంది.

ఈయన సంగతి మీకు కొత్త కాదు. బోర్డు మీద ధర కనబడితే చాలు, రూపాయల్లోకి మార్చి పైకి చదివేస్తారు. యూరో వంద దాటిన దగ్గర్నుంచి ఆ లెక్క మరీ సులువైపోయింది, రెండు సున్నాలు తగిలిస్తే సరి. పిల్లల పంచ్ నాలుగు యూరోలు, కప్పుకి డిపాజిట్ వేరే. రెండూ కలిపి ఈయన పైకి అనేసరికి అత్తయ్య అదే ధర అనుకున్నారు. "వేడి జ్యూసుకి తొమ్మిదొందలా? నాకొద్దు నాయనా!" డిపాజిట్ తిరిగి వస్తుంది అత్తయ్యా, కప్పు వెనక్కిస్తే ఇచ్చేస్తారు అని చెప్పాను. తలూపారు గానీ అప్పటికే ఆవిడ నిర్ణయం అయిపోయింది. ఆ తర్వాత ఏం అడిగినా ఒకటే మాట, ఆకలి లేదు. బంగాళదుంప తురిమి నూనెలో వేయించి ఆపిల్ గుజ్జుతో ఇస్తారు కదా, అది ఒక్క ముక్క నోట్లో పెట్టాను. "బావుందమ్మా" అని మిగతాది చిన్నదాని వైపు తోసేశారు.

ఈయన మీద కోపం వచ్చింది. కానీ నిజానికి అసలు కోపం ఆ ధరల మీదే. నలుగురం వెళ్లి, ఎవరికీ కడుపు నిండకుండా, అరవై యూరోలు దాటించుకుని వచ్చాం. వేయించిన బాదం చిన్న పొట్లం, మా ఇద్దరికీ ఒక్కో గ్లూవైన్ అనే వేడి ద్రాక్షసారా, ఒక సాసేజ్ బన్ను, ఒక దుంపల అట్టు ప్లేటు, చిన్నదానికి రంగులరాట్నం. ఆ రంగులరాట్నం ఒక్క చుట్టు తిరిగి ఆగేసరికే ఇంకోటి అంటుంది. కాదంటే ఏడుపు, ఔనంటే మళ్లీ క్యూలో నిలబడాలి. కూర్చోవడానికి ఎక్కడా బల్ల లేదు, అంతా నిలువు కాళ్ల మీదే. అత్తయ్య మోకాళ్ల సంగతి మీకు తెలుసు. న్యాయదేవత విగ్రహం ఉన్న ఫౌంటెన్ చుట్టూ కమ్మీ ఉంటుంది, దానికి ఆనుకుని నిలబడ్డారు పాపం. పక్కన ఎవరో ఆవాల సాస్ ఆవిడ శాలువా మీద చిందించి, చూసుకోకుండానే వెళ్లిపోయారు.

అన్నిటికన్నా నాకు మండింది ఒక దుకాణం దగ్గర. గాజు బుడగలు, చెక్క బొమ్మలు, ఊలు చేతి తొడుగులు, పైన అందంగా 'చేత్తో చేసినవి' అని చెక్క పలక. ఒక చెక్క గుర్రం తీసి తిప్పి చూశాను. అడుగున స్టిక్కరు గోకేసిన గుర్తు, సగం మిగిలిన బార్‌కోడు, జిగురుకి అంటుకున్న దుమ్ము. అచ్చం అదే గుర్రం ఆన్‌లైన్‌లో పాతిక శాతం ధరకి చూశాను. చేత్తో చేశారని చెప్పి చేతిపని ధర తీసుకోవడం నాకు అస్సలు నచ్చదు. ఖరీదు ఎక్కువైనా ఓర్చుకోవచ్చు, అబద్ధానికి డబ్బు కట్టమంటే మాత్రం నా వల్ల కాదు.

ఈ సంతల మొదలు చూస్తే ఇంకా కష్టంగా ఉంటుంది. డ్రెస్డెన్‌లోని స్ట్రీట్సెల్‌మార్క్ట్ అనే క్రిస్మస్ సంత 1434లో ఒక్కరోజు మాంసం సంతగా మొదలైంది, పండగకి ఇంట్లో వండుకోవడానికి జనం మాంసం కొనుక్కునే రోజన్నమాట. మా ఫ్రాంక్‌ఫర్ట్ సంత ప్రస్తావన అంతకన్నా ముందు, 1393 నాటి కాగితాల్లోనే ఉంది. చలికాలం ముందు ఊళ్లో వాళ్లు తమకి కావలసినవి తెచ్చుకునే చోటు అది. ఇప్పుడు కావలసిందేమీ లేని చోటైపోయింది. కందిపప్పు, నూనె ఎవరైనా అక్కడ కొంటారా? మూడు వంతుల జనం ఫోటో తీసుకుని, ఒక కప్పు పట్టుకుని నిలబడటానికే వస్తారు.

ఇలా తిట్టుకుంటూనే రైల్లో కూర్చున్నాను. ఈయన మాత్రం ఫోన్ తీసి, నీకు కోపం వచ్చిందని ధర తగ్గదు, వాళ్ల వైపు లెక్క కూడా చూడు అన్నారు. నాకు చూడాలని లేదు, అయినా విన్నాను. ఈ దేశంలో కనీస వేతనం 2025లో గంటకి 12.82 యూరోలు, 2026 జనవరి నుంచి 13.90. చలిలో ఎనిమిది గంటలు నిలబడి బాదం వేయించే మనిషికి ఆ డబ్బు రావాలి కదా. చెక్క కొట్టు తెచ్చి నిలబెట్టాలి, విప్పాలి, కరెంటు కట్టాలి, నగరానికి అద్దె కట్టాలి, ఇవన్నీ నాలుగు వారాల్లోనే తేలాలి. దానికి తోడు రక్షణ. 2016 డిసెంబర్ 19న బెర్లిన్‌లో, 2024 డిసెంబర్ 20న మాగ్డెబుర్గ్‌లో సంతలోకి బండి తోలి మనుషుల్ని చంపాక, ప్రతి దారికీ కాంక్రీట్ దిమ్మెలు, ఇనుప అడ్డులు, కాపలాదార్లు. ఆ ఖర్చు భరించలేక కొన్ని చిన్న ఊళ్లు సంతే మానుకున్నాయి. లండన్ హైడ్ పార్కులో రద్దీ వేళల్లో లోపలికి రావడానికే టికెట్ పెడతారు. ఇక్కడ లోపలికి ఊరికే వెళ్లొచ్చు, అందుకే ఖర్చంతా కప్పు మీద పడుతుంది. ఇది విన్నాక కొంచెం మెత్తబడ్డాను. ఆ దిమ్మెలు దాటుకుని వెళ్తున్నప్పుడు చిన్నదాని చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానో నాకు తెలుసు. దానికి కడుతున్నామంటే కాదనలేను.

అయినా మనసు అక్కడితో ఆగలేదు, నక్షత్రం దగ్గరికి వెళ్లింది.

ఆ వరసలోనే హెర్న్‌హూట్ నక్షత్రాలు అమ్మే కొట్టు ఒకటుంది. పాతిక కొనలు, లోపల బల్బు, ఎర్రవి, పసుపువి, తెల్లవి. తూర్పున సాక్సనీలో హెర్న్‌హూట్ అనే చిన్న ఊళ్లో చేస్తారు, నూరేళ్లు దాటిన పని అది. బడిలో పిల్లలకి జ్యామితి పాఠంగా మొదలైందట. అత్తయ్య అక్కడ ఆగిపోయారు. "ఇవి మనవే కదే, మన ఇళ్లకి కట్టేవే" అన్నారు. నిజమే, గుంటూరు వీధుల్లో డిసెంబర్ వస్తే వేలాడేవి వీటి చుట్టాలే. 1842లో గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ పెట్టిన హయ్యర్ గారు పుట్టింది ఈ దేశంలోనే, హెల్మ్‌స్టెట్‌లో. ఆ సంగతి చెబితే ఆవిడ ముఖం వెలిగిపోయింది. "మన హయ్యర్ అయ్యగారి ఊరు ఇక్కడికి ఎంత దూరం?" అని అడిగారు. చేతిలో ఇమిడేంత చిన్న నక్షత్రం కూడా ఇరవై యూరోలు దాటింది. అది మాత్రం ఈయన్ని పైకి చదవనివ్వలేదు, మోచేత్తో పొడిచాను.

నాన్న చేసే నక్షత్రాలు గుర్తొచ్చాయి అక్కడే. నవంబర్ ఆఖరుకి పచ్చి వెదురు తెప్పించేవారు. కొడవలితో నిలువునా చీల్చి, బద్దలు నున్నగా చెక్కి, నీళ్లలో నానేసేవారు. ముందుకి అయిదు, వెనక్కి అయిదు, కొనల దగ్గర పురికొసతో బిగించి, మధ్యలో చిన్న చిన్న పుల్లలు నిలబెడితే నక్షత్రానికి పొట్ట వచ్చేది. జిగురు అమ్మ పని. మైదా పలచగా కలిపి పొయ్యి మీద పెట్టి, అడుగంటకుండా కలుపుతూ, దించాక చిటికెడు మైలుతుత్తం వేసేది. లేకపోతే బొద్దింకలు కాగితమంతా కొట్టేసేవి. మమ్మల్ని ఆ గిన్నె దగ్గరికి రానిచ్చేది కాదు. రంగు కాగితాలు తెనాలి వెళ్లి తెచ్చేవారు, గాలిపటాలకి వాడే పలచటివి. గట్టిగా ఊపిరి వదిలినా కదిలేవి. నాన్న వాటిని బద్దల మీద పరిచి, వేళ్లతో కాదు, అరచేత్తో నొక్కేవారు. లోపల నలభై క్యాండిళ్ల బల్బు. ఏ వైపూ కాగితానికి తగలకుండా హోల్డర్‌ని సరిగ్గా మధ్యలో వేలాడదీయడానికి ఒక సాయంత్రమంతా పట్టేది.

రాత్రి మంచుకి కాగితం తడిసి తెల్లారేసరికి కుంగిపోయేది. బడికి వెళ్లేముందు నాన్న నిచ్చెనేసుకుని, చిరిగిన చోట అతుకు వేసేవారు. క్యారల్స్ వాళ్లు మా వీధిలోకి వచ్చే రాత్రికి మాత్రం ఒక్క అతుకూ కనబడకూడదు, పాత కాగితం పీకేసి కొత్తది వేయాల్సిందే. మా ఒక్క ఇంటికే కాదు, వీధిలో అడిగినవాళ్లందరికీ చేసిపెట్టేవారు. "కాగితం డబ్బులు ఇవ్వండి చాలు" అనేవారు. వెదురు ఆయనది, పురికొస ఆయనది, కొడవలికి తెగిన వేలు ఆయనది. అమ్మ గొణిగేది, ఎందుకండీ ఈ ఊరి చాకిరీ అని. ఆయన నవ్వి ఊరుకునేవారు. గుంటూరులో రెడీమేడ్ నక్షత్రాలు వచ్చాక ఒక్కొక్క ఇల్లే కొనుక్కోవడం మొదలుపెట్టింది. కొన్నదానికి దుకాణదారు అడిగినంతా ఇచ్చారు. నాన్న చేసినదానికి మాత్రం కాగితం డబ్బులు కూడా కొందరు ఎగ్గొట్టారు. అది మాత్రం నేను మర్చిపోలేదు.

ఆ కొట్టు ముందు నిలబడి మొదట నాకొచ్చిన ఆలోచన, నాన్న ఊరికే చేసినదానికి ఇంత డబ్బా అని. ఇంటికొచ్చాక అది తిరగబడింది. నాన్న ఊరికే చేశారు కాబట్టి అది చవక అయిపోదు కదా. ఆయన రాత్రుళ్లు, ఆయన వేళ్లు ఎవరి లెక్కలోకీ రాలేదు, అంతే. హెర్న్‌హూట్‌లో ఒకావిడ కూర్చుని కొనలు అంటించి, నెల తిరిగేసరికి జీతం తీసుకుంటుంది. ఆ ఇరవై యూరోల్లో ఆవిడ జీతం ఉంది. అలాంటి ధర ఇవ్వడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఇంకా ఎక్కువైనా ఇస్తాను, చేసిన చెయ్యి నిజమైతే. సాసేజ్ వేయించే కుర్రాడికీ ఇస్తాను. ఆ స్టిక్కరు గోకిన గుర్రానికి మాత్రం ఇవ్వను. రంగులరాట్నం గురించి ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. పాత చెక్క గుర్రాలు, రంగులు, దీపాలు అన్నీ ఎవరో శ్రద్ధగా చూసుకుంటున్నారు, అది నిజం. కానీ పిల్ల ఏడుపు మీద నడిచే వ్యాపారం అది, అదీ నిజమే.

అక్కడ డబ్బు కట్టకుండా దొరికేవే బావుంటాయి మళ్లీ. పాత నికోలస్ చర్చి పైనుంచి బాకాలు ఊదుతారు. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం అయిదింటికి ఊరి నడుమ పది చర్చిల్లో యాభై గంటలు ఒకేసారి మోగుతాయి, అప్పటికి సంత దుకాణాలు కట్టేసి ఉంటాయి. అత్తయ్యని తప్పకుండా తీసుకెళ్తాను. దానికి రూపాయల లెక్క కట్టలేరు ఈయన.

సరే, ఇదంతా ఈ రాత్రే ఇంతగా తొలవడానికి ఇంకో కారణం ఉంది. శనివారం చిన్నదాని బడిలో అడ్వెంట్ బజారు, అంటే క్రిస్మస్ ముందు వారాల్లో పెట్టే చిన్న సంత. మా క్లాసు కొట్టులో పకోడీల బాధ్యత నాది, ధర రాత్రికి గ్రూపులో పెట్టమన్నారు. ఒకావిడ అప్పుడే రాసింది, పట్నంలో ప్లేటు ఏడు యూరోలకి అమ్ముతున్నారు, మనం అయిదు పెట్టినా ఎవరూ ఏమీ అనుకోరు అని. క్లాసు ట్రిప్పుకి డబ్బు కావాలి, ఆవిడ మాటలో తప్పేమీ లేదు. అది చదవగానే నేను ఒక యూరో అని కొట్టాను. మనవరాళ్లని తీసుకుని వచ్చే నానమ్మలు, అమ్మమ్మలు ఎవరూ ఆకలి లేదని చెప్పకూడదని.

పంపేలోగా చెరిపేశాను. శనగపిండి, నూనె, ఉల్లిపాయలు కొని, పొద్దున్నుంచి మూకుడు ముందు నిలబడేది నేనూ, ఇంకో ఇద్దరు అమ్మలూ. ఒక్క యూరో అంటే మా చాకిరీకి కాగితం డబ్బులు తీసుకున్నట్టే. పిల్లల ట్రిప్పుకి ఏమీ మిగలదు కూడా. మళ్లీ లెక్కేశాను. నూనె ధర, పిండి ధర, పొట్లానికి ఎన్ని వస్తాయి, గంటకి ఎన్ని పొట్లాలు.

రెండున్నర. పొట్లం నిండుగా, పచ్చిమిర్చి తక్కువగా. కూర్చోవడానికి బడి జిమ్ నుంచి బల్లలు తెప్పించి కొట్టు పక్కనే వేయాలని కూడా రాశాను. బోర్డు నేనే రాస్తాను, డిపాజిట్ ఏమీ లేదని పెద్ద అక్షరాలతో. ఆవిడ ఇంకా మేలుకునే ఉన్నట్టుంది, మూడు పెడదాం అంటోంది. ఒప్పుకోను.