చూపు పోయాక నేర్చుకున్న బ్రెయిలీ బ్యాంక్ పరీక్షలో ఎలా అక్కరకొచ్చిందంటే

నాకు ఇరవై తొమ్మిదో ఏట చదువుకునే చూపు పూర్తిగా పోయింది. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి రెటీనా జబ్బు. మొదట చీకటి పడితే కనపడేది కాదు, తర్వాత పక్కనుంచి వచ్చే బండ్లు, చివరికి అక్షరాలు. గాజువాకలో చేస్తున్న ఉద్యోగం మానేసి బ్యాంక్ క్లర్క్ పరీక్షకు కూర్చున్నాను. కంప్యూటర్ తెర మీది అక్షరాలను ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ చదివి వినిపిస్తోంది, ఇంత వయసొచ్చాక బ్రెయిలీ ఎందుకనుకున్నాను. రెండుసార్లు మొదటి దశ ప్రిలిమ్స్‌లోనే పోయింది.

దెబ్బ తగిలింది సీటింగ్ అరేంజ్‌మెంట్ దగ్గర, అంటే ఎవరు ఎక్కడ కూర్చున్నారో క్లూలను బట్టి తేల్చే పజిల్. గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిది మంది. స్క్రైబ్ (నా బదులు ప్రశ్న చదివి, జవాబు గుర్తించే సహాయకుడు) ఐదో క్లూ చదివేసరికి మొదటిది నా బుర్రలోంచి జారిపోయేది. మళ్లీ చదవమంటే టైమ్ పోయేది.

అప్పుడు మద్దిలపాలెంలో ఒక మాస్టారి దగ్గర చేరాను. ఆరు గుంటలున్న గుడ్ల అట్ట ముక్క, కొన్ని గోళీలు చేతికిచ్చారు. బ్రెయిలీ అక్షరానికి ఆరు చుక్కల చోటు, ఒక్కో గుంట ఒక్కో చుక్క. ఎడమ వరుసలో 1, 2, 3, కుడి వరుసలో 4, 5, 6. ఒకటో గుంటలో గోళీ వేస్తే అ. 1, 3 వేస్తే క. ఆ పక్కన ఇ రాస్తే కి. గుడి క మీదికి ఎక్కదు, పక్కనే కూర్చుంటుంది. నెలరోజులు నన్ను ఏడిపించినవి ఇ, ఏ. ఇ అంటే 2, 4. ఏ అంటే 1, 5. ఒకటి రెండోదానికి అద్దంలో బొమ్మ. పైగా బ్రెయిలీ పలకలో కాగితం పెట్టి, స్టైలస్ అనే మొనదేలిన పుల్లతో కుడి నుంచి ఎడమకు పొడవాలి, కాగితం తిప్పి చదవాలి. ద, హ, జ కూడా అంతే తికమక. చుక్క తెలియడం లేదని వేలు గట్టిగా నొక్కేవాణ్ణి. "నొక్కకు నాన్నా, నిమురు" అనేవారు మాస్టారు. మే నెలలో మన వైజాగ్ ఉక్కకి వేళ్లు చెమటపట్టి కాగితానికి అతుక్కుపోతాయి. తెల్లవారుజామునే చదవండి, పక్కన పొడి రుమాలు పెట్టుకోండి.

మొదటి పేజీకి నలభై నిమిషాలు పట్టింది. ఆరు నెలలకు పది. కరెంట్ అఫైర్స్ ఇప్పటికీ వినే చదువుతాను, అందులో బ్రెయిలీకి పట్టుబట్టక్కర్లేదు. ఇంగ్లిష్‌కు మాత్రం తప్పనిసరి. దేర్ అని వినిపిస్తే అది there నో, their నో చెవికి తెలియదు.

2018 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయంతో పాటు, పరీక్షలో బ్రెయిలీ పలక వాడుకోవచ్చనే మాట కూడా ఉండేది. మీరు ఇప్పుడు అమల్లో ఉన్న మార్గదర్శకాల కాపీ ప్రింట్ తీసి తీసుకెళ్లండి. మూడోసారి పరీక్షకు వెళ్లినప్పుడు నా పలక చూసి ఇన్విజిలేటర్ సందేహిస్తే ఆ 2018 కాగితమే చూపించాను. టక్‌టక్ చప్పుడుకి పక్కవాళ్లు ఇబ్బంది పడతారు కాబట్టి విడిగా కూర్చోబెట్టమని నేనే అడిగాను.

ఆ రోజు పజిల్ వచ్చినప్పుడు ఒక్కొక్కరికి ఒక్క అక్షరం చొప్పున పొడుచుకున్నాను. కాగితం తిప్పి వేలు పెడితే ఎనిమిది మందీ ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు. అయిదు ప్రశ్నలకూ జవాబు చెప్పాను, స్క్రైబ్‌ను మళ్లీ చదవమని ఒక్కసారి కూడా అడగలేదు.