ఒళ్ళో ఎరికా

కిరండోల్ రైలు కొత్తవలస దాటేసరికే ఒళ్ళోని కుండీ బరువుకి కాళ్ళు తిమ్మిరెక్కాయి. శృంగవరపుకోటలో పనసకాయతో ఎక్కినావిడ ఎదురుగా కూచుని చాలాసేపు చూసింది.

"సరుగుడు మొక్కని రైల్లో పట్టుకెళ్తన్నారేటమ్మా? బీచిలో బోలెడుంటాయి గదా!"

సూదుల్లాంటి ఆకులు చూస్తే ఎవరైనా అలాగే అంటారు. ఇది ఎరికా, పూలు పూసే పొద. దక్షిణాఫ్రికా కేప్ కొండల్లో వీటిలో వందల రకాలున్నాయి. 1772లో లండన్‌లోని క్యూ అనే వృక్షశాస్త్ర తోట పంపిన ఫ్రాన్సిస్ మాసన్ అక్కణ్ణించి పంపిన మొక్కల్లో ఇవీ ఉన్నాయి. ఇంగ్లండులో చలికి ఆగవని గాజు ఇళ్ళలో పెంచారు. నాకు చలి బాధ లేదు, మిగతావన్నీ ఉన్నాయి.

గింజలు నశ్యంలా ఉంటాయి. ఆ కొండల్లో పొదలు తగలబడ్డాకే చాలా రకాలు మొలుస్తాయి, పొగే వాటిని లేపుతుంది. అందుకని ఎండుగడ్డి రాజేసి, ట్రే మీద మూతపెట్టి పొగ పట్టించాను. "గింజలకి సాంబ్రాణా?" అంది అమ్మ.

పదకొండు మొలిచాయి. విశాఖ సీతమ్మధారలో మా మేడమీద మిగిలింది ఒక్కటే. ఎండ చంపేసిందనుకున్నాను. కుండీ అంచున తెల్లగా పెచ్చు కట్టాక తెలిసింది, పొరపాటు నాదే. వీటికి పుల్లటి మట్టి, అంటే ఆమ్లగుణం ఉన్న మట్టి కావాలి, నేనేమో రోజూ సున్నపు బోరునీళ్ళు పోశాను. సున్నం ఎక్కువైతే మట్టిలోని ఇనుము వేళ్ళకి అందదు, ఆకులు పసుపెక్కుతాయి. పైగా వేళ్ళు వెంట్రుకల్లా ఉంటాయి, ఒక్కసారి పూర్తిగా ఎండితే అంతే సంగతులు.

బొర్రాలో దిగాను. కుండీని ఎవరికీ అప్పజెప్ప బుద్ధికాక గుహలోకే పట్టుకెళ్ళాను. పైన వేలాడే రాతి కొసన ఒక చుక్క ఊగుతోంది. ఇదంతా సున్నపురాయే గదా! గబగబా చున్నీ తీసి కుండీ మీద కప్పాను.

"లోపల వానేం పడదండి," అని గైడు నవ్వాడు.

అక్కణ్ణించి జీపులో అరకు. దారంతా మంచు, సిల్వర్ ఓకుల కింద కాఫీ తోటలు. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు, మా మేడమీది వేడి ఇక్కడ ఉండదని ఆశ.

"బోరునీళ్ళు మాత్రం పొయ్యొద్దు పిన్నీ," అన్నాను, గుమ్మం ఎక్కకముందే.

"ఫోన్లో పదిసార్లు చెప్పావు గదే," అంటూ పిన్ని పెంకుటింటి చూరు వైపు చూపించింది. దానికింద బిందె సగం నిండి ఉంది.