నాన్నకి దగ్గు రాలేదు, నాకే వచ్చింది
మొన్న ఆదివారం ఇక్కడ నార్త్ కరోలినాలో నేల దగ్గర గాలిలో చేరే ఓజోన్ కాలుష్యం వల్ల ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) ఆరెంజ్‌లో, అంటే సున్నితమైనవాళ్ళకి మంచిది కాని స్థాయిలో ఉంది, అయినా సాయంత్రం నాలుగింటికి నాన్నా నేనూ ట్రయిల్ మీద నడిచొచ్చాం. ఇంటికొచ్చాక గట్టిగా గాలి పీలుద్దామంటే నాకు సగంలోనే దగ్గు, గొంతులో గరగర. నాన్నకి 68, ఆయనకేమీ లేదు. "నీకంటే నా ఊపిరితిత్తులే గట్టివి అమ్మలూ" అన్నారు, కానీ అలా కాదు నాన్నా!

మా పక్కనే చాపెల్ హిల్‌లో ఈపీఏ (అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ) వాళ్ళు వాలంటీర్లతో గదిలో సైకిల్ తొక్కిస్తూ ఓజోన్ పీల్పించి, ఒక్క సెకనులో ఎంత గాలి ఊదగలరో కొలిచేవాళ్ళు. ఇలాంటి టెస్టుల్లో ఇరవైల్లో ఉన్నవాళ్ళకి ఆ కొలత బాగా పడిపోతుంది, వయసు పెరిగేకొద్దీ ఆ తగ్గుదల చిన్నదవుతుంది, 55 దాటినవాళ్ళలో సగటున చాలా తక్కువ. లోతుగా పీల్చకుండా ఆపే నరాల రియాక్షన్ వయసుతో మొద్దుబారుతుందని అంటారు. ఆడా మగా తేడా మాత్రం వయసంత స్పష్టంగా లేదు, ఒక్కో స్టడీలో ఒక్కోలా వచ్చింది.

నన్ను భయపెట్టింది 1985 నాటి స్టడీ: 8-11 ఏళ్ళ మగపిల్లలకి పెద్దవాళ్ళలాగే ఊదే గాలి తగ్గింది కానీ దగ్గూ నొప్పీ పెద్దగా చెప్పలేదు. అంటే పిల్లాడు "బానే ఉన్నా" అన్నా నమ్మకూడదు. పెద్దవాళ్ళకి దగ్గు రాకపోయినా, ఓజోన్ ఎక్కువున్న రోజుల తర్వాత అమెరికా నగరాల్లో మరణాలు పెరిగాయి, అందులో ముసలివాళ్ళే ఎక్కువ.

ఓజోన్ ఎండతో తయారయ్యేది కదా, అందుకే ఇప్పుడు నాన్నని పొద్దున్న ఏడింటికే తీసుకెళ్తున్నా, ఆయన ఎంత గొణిగినా సరే.