ప్యానెళ్లు ఎక్కాక మొదలైన మీటరు గోల

నిన్ననే మా ఇంటి సోలార్ ప్యానెళ్లకు నెట్ మీటర్ (మనం వాడిన కరెంటునూ, బయటికి పంపిన కరెంటునూ విడివిడిగా లెక్కేసేది) బిగించి వెళ్లారు. మంట చల్లారకముందే రాసేస్తున్నాను.

హైదరాబాద్‌లో విజయవాడ హైవే వైపు కాలనీలో నాన్న కట్టించిన ఇల్లు మాది. పట్టపగలు కూడా హాల్లో లైటు వేసుకోవాల్సిందే. దక్షిణం గోడ కొట్టించి పెద్ద కిటికీ పెట్టించాను. వాస్తు అంటూ అడ్డుపడ్డవాళ్లు చాలామందే. చలికాలం సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు, ఎండ లోపలిదాకా వస్తుంది. మే, జూన్‌లలో నడినెత్తిన ఉంటాడు, రెండడుగుల సజ్జ చాలు ఆపడానికి. ఇందులో దోషమేమిటో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. మేడగది కిటికీ కిందికి దించితే హరిణ వనస్థలి జింకల పార్కు చెట్లు మంచం మీంచే కనిపిస్తున్నాయి. డాబాకు ఎండ వేడిని తిప్పికొట్టే తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేయించాం. మేస్త్రీ పుణ్యమా అని ఇవన్నీ సాఫీగా అయిపోయాయి.

ఆ తర్వాత సోలార్. ఇంటి పైకప్పు సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ. "అన్నీ మేమే చూసుకుంటాం సార్" అన్నాడు ప్యానెళ్లవాడు. బిగించాడు, డబ్బు తీసుకున్నాడు. ఆ తర్వాత తీరిగ్గా చెప్పాడు, మీటరు నాన్న పేరు మీద ఉంది కాబట్టి ఫైలు కదలదని.

కరెంటాఫీసులో కౌంటర్ దగ్గర ఉన్నాయన, మీటరు నా పేరుకు మార్చమని ఇచ్చిన కాగితం చూసి, తలెత్తకుండానే "మీ నాన్నగారిని వచ్చి సంతకం పెట్టమనండి" అన్నాడు. పైన డెత్ సర్టిఫికెట్టే పిన్ చేసి ఉంది. వెనక లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీశాను. అక్క చేత స్టాంపు పేపరు మీద అభ్యంతరం లేదని రాయించాను. అవి పట్టుకెళ్తే ఇంకో చిక్కు: బిల్లులో నాన్న ఇంటిపేరు ఒక్క అక్షరం, డెత్ సర్టిఫికెట్లో పూర్తిగా ఉంది. "ఇద్దరూ ఒకరేనని గ్యారంటీ ఏంటి?" అని నన్నే అడిగాడు. ఇరవై మంది ముందు మా నాన్న మా నాన్నేనని అఫిడవిట్ ఇచ్చి వచ్చాను.

ఇన్నాళ్లూ ప్యానెళ్లు ఎండలో ఊరికే పడి ఉన్నాయి. పాత మీటరుతో ఆన్ చేస్తే బయటికి పోయే కరెంటు కూడా మన వాడకం కిందే లెక్కపడొచ్చట, అందుకని ఆపేశారు. రోజుకు పన్నెండు యూనిట్ల దాకా ఇచ్చే సరుకు అది!

పెట్టించుకునేవాళ్లు ముందు మీటరు, ఆధార్, బ్యాంకు ఖాతాల్లో పేరు ఒకేలా ఉందో చూసుకోండి. సబ్సిడీ కావాలంటే ప్యానెళ్లూ, వాటిలోని సెల్స్ కూడా మన దేశంలోనే తయారై ఉండాలి, బిల్లులో రాయించుకోండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ స్టాంపు వేసిన నకలు అడగండి, విసుక్కున్నా సరే. నెట్ మీటర్ వచ్చేదాకా ప్యానెళ్లవాడికి చివరి వాయిదా ఇవ్వకండి. నా సబ్సిడీ ఇంకా ఖాతాలో పడలేదు, వాడేమో ఫోన్ ఎత్తడం లేదు.